పోలిష్ తర్కం, సత్యం, పారడాక్సులు: తరచుగా అడిగే ప్రశ్నలు

తర్కం గురించి మన మాటల్లో గౌతముడు వస్తాడు, అరిస్టాటిల్ వస్తాడు, కాస్త చదువుకున్నవాళ్లయితే రస్సెల్ దాకా వెళ్తారు. 1895కీ 1939కీ మధ్య ల్వూవ్, వార్సా నగరాల్లో జరిగిన పని మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లకి 'పోలిష్ నొటేషన్' అన్న పేరు తెలుసు కానీ ఆ పోలిష్‌వాళ్లెవరో తెలియదు. ఈ ప్రశ్నలూ జవాబులూ వాళ్ల గురించే.

ల్వూవ్-వార్సా స్కూల్ అంటే ఏదైనా కాలేజీయా?

కాదు. ఒక గురువు, ఆయన శిష్యులు, వాళ్ల శిష్యులు: ఈ పరంపరకి తర్వాత స్థిరపడిన పేరు అది. గురువు కాజిమియెజ్ త్వర్దోవ్‌స్కి (1866–1938). వియన్నాలో పుట్టి, అక్కడే తత్వవేత్త ఫ్రాంజ్ బ్రెంటానో దగ్గర చదువుకుని, 1895లో ల్వూవ్ యూనివర్సిటీకి పాఠాలు చెప్పడానికి వచ్చాడు. అప్పటికి పోలాండ్ అన్న దేశం మ్యాపులో లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దాన్ని పంచేసుకుని వందేళ్లయింది. ల్వూవ్ ఆస్ట్రియా వాటాకి వచ్చింది కాబట్టి అక్కడ పోలిష్‌లో పాఠాలు చెప్పే వెసులుబాటు ఉండేది.

త్వర్దోవ్‌స్కి కాలక్రమంలో పుస్తకాలు రాయడం కన్నా మనుషుల్ని తయారు చేయడం మీదే దృష్టి పెట్టాడు. 1904లో పోలిష్ ఫిలసాఫికల్ సొసైటీని, 1911లో ఒక తత్వశాస్త్ర పత్రికనీ మొదలుపెట్టాడు. 1915లో వార్సాలో పోలిష్ యూనివర్సిటీ మళ్లీ తెరుచుకోగానే శిష్యుల్లో యాన్ వుకాషేవిచ్ అక్కడికి వెళ్లాడు. కొన్నేళ్లకి స్తానిస్వావ్ లెష్నియెవ్‌స్కి కూడా చేరాడు. ఇద్దరూ తత్వశాస్త్రం మనుషులే, కానీ కుర్చీలు గణిత విభాగంలో దొరికాయి. దీంతో లెక్కల విద్యార్థులు వచ్చి వీళ్ల తర్కం క్లాసుల్లో కూర్చున్నారు. వార్సా అంత త్వరగా ప్రపంచ తర్కశాస్త్రానికి కేంద్రం అవడానికి నా దృష్టిలో ఇదే అసలు కారణం.

ల్వూవ్ ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది కదా?

అవును, ఇప్పటి ల్వీవ్ అదే. జర్మన్‌లో లెంబర్గ్. రెండు యుద్ధాల మధ్య పోలాండ్‌లో ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్ యూనియన్‌లో కలిసింది, అక్కడి పోలిష్ ప్రొఫెసర్లలో చాలామంది వ్రోత్స్వావ్ లాంటి ఊళ్లకి తరలిపోయారు.

వీళ్లందరూ ఒకే సిద్ధాంతాన్ని నమ్మేవారా?

అస్సలు కాదు. త్వర్దోవ్‌స్కి శిష్యుడు కొతార్బిన్‌స్కికి లోకంలో వస్తువులు తప్ప ఇంకేమీ లేవు. గుణాలు, సంబంధాలు, సంఘటనలు అన్నవి మాట్లాడే తీరు మాత్రమే. సలమూఖా క్యాథలిక్ మతగురువు, దేవుడి ఉనికికి మధ్యయుగపు క్రైస్తవ తత్వవేత్త అక్వినాస్ ఇచ్చిన వాదాన్ని కొత్త తర్కంతో పరీక్షించాడు. వుకాషేవిచ్‌కి నిజం, అబద్ధం అన్న రెండు సత్యవిలువలు చాలలేదు, లెష్నియెవ్‌స్కికి మూడోది అర్థం లేని మాటగా తోచింది. వీళ్లని కలిపింది ఒక అలవాటు. ఏదైనా వాదన ముందుకు తెస్తే, అందులో ప్రతి మాటకీ అర్థం చెప్పాలి, ప్రతి మెట్టూ ఎక్కడి నుంచి వచ్చిందో చూపించాలి. అస్పష్టంగా రాసేవాడు లోతుగా ఆలోచిస్తున్నాడని అనుకోవద్దనీ, ఆలోచన తేటగా లేకే రాత కూడా అలా ఉందని అనుకోవచ్చనీ త్వర్దోవ్‌స్కి ఒక చిన్న వ్యాసంలో రాశాడు. మన సాహిత్య విమర్శకుల్లో కొందరికి ఆ వ్యాసం ఫొటోకాపీ తీసి పంపాలనిపిస్తుంది.

పారడాక్స్ అంటే పొడుపుకథ లాంటిదే కదా? దానికి అంత టెన్షన్ ఎందుకు?

పొడుపుకథకి జవాబు తెలియకపోతే నష్టం లేదు. పారడాక్స్ అలా కాదు. అందరూ ఒప్పుకునే మాటలతో మొదలుపెట్టి, అందరూ ఒప్పుకునే మెట్లు ఎక్కి, వైరుధ్యం దగ్గరికి చేరడం అది. మామూలు తర్కంలో ఒక్క వైరుధ్యం దొరికితే దాన్నుంచి ఏదైనా రాబట్టొచ్చు. ఉత్త బెదిరింపు కాదిది, చేసి చూపించొచ్చు.

'వాన పడుతోంది', 'వాన పడటం లేదు' – రెండూ నిజమని ఒప్పుకున్నాం అనుకోండి. మొదటిది నిజం కాబట్టి 'వాన పడుతోంది, లేదా చార్మినార్ గుంటూరులో ఉంది' అన్నది కూడా నిజమే. 'లేదా'తో కలిపిన రెండింట్లో ఒకటి నిజమైతే చాలు. ఇప్పుడు రెండో మాట తీసుకోండి: వాన పడటం లేదు. ఒక పక్క కొట్టుకుపోయింది, మిగిలింది రెండో పక్క. చార్మినార్ గుంటూరులో ఉంది! ఎక్కడా మోసం లేదు. వైరుధ్యం ఉన్న సిద్ధాంతం దేన్నైనా నిరూపిస్తుంది, అందుకే దేనికీ పనికిరాదు.

ఈ ప్రమాదాన్ని వార్సావాళ్లు ఎవరికి వారు ఎదుర్కొన్నారు. ఒకాయన సమితి అంటే ఏమిటో మొదటి నుంచి కట్టాడు. ఒకాయన భాషని అంతస్తులుగా విడదీశాడు. ఒకాయన సత్యవిలువలు పెంచాడు. ఇంకొకాయన వైరుధ్యాన్ని ఉండనిచ్చి, అది పాకకుండా కట్టడి చేశాడు. 'ఇదో మాటల గారడీ, వదిలేయండి' అని వీళ్లలో ఎవరూ అనలేదు.

రస్సెల్ పారడాక్స్‌కి లెష్నియెవ్‌స్కి ఏం జవాబిచ్చాడు?

తమలో తాము సభ్యులు కాని సమితులన్నిటినీ కలిపి ఒక సమితి చేస్తే, అది తనలో తాను సభ్యురాలా కాదా? ఔనంటే కాదవుతుంది, కాదంటే ఔనవుతుంది. లెష్నియెవ్‌స్కి (1886–1939) ఈ సంగతి మొదట చదివింది వుకాషేవిచ్ 1910లో రాసిన పుస్తకంలో. ఒక మాటా దాని వ్యతిరేకమూ రెండూ నిజం కావన్న అరిస్టాటిల్ వైరుధ్య నియమాన్ని వుకాషేవిచ్ అందులో నిలదీశాడు. ఆ నియమాన్ని సమర్థించాలని ఈ కుర్రాడు ఆయన దగ్గరికే వెళ్లాడు. తర్వాత ఏళ్ల తరబడి ఈ పారడాక్స్ ఆయన్ని వదల్లేదు.

ఆయన తేల్చింది ఇది: 'సమితి' అన్న మాటని మనం రెండు అర్థాల్లో కలిపేసి వాడుతున్నాం. ఒక అడవి దాని చెట్లతో ఏర్పడినట్టు, ముక్కలతో ఏర్పడిన మొత్తంగా దాన్ని చూస్తే, ప్రతి వస్తువూ తనలో తాను ఒక భాగమే. అప్పుడు 'తనలో తాను లేనిది' అన్నది ఒక్కటీ ఉండదు, పారడాక్స్ మొదలే కాదు. 1916లో ఈ ఆలోచనతో భాగాలకీ మొత్తానికీ ఉన్న సంబంధం మీద ఒక సిద్ధాంతం కట్టాడు. దాన్నే ఇప్పుడు మీరియాలజీ అంటున్నారు. గణితజ్ఞులు ఆ దారిన పోలేదు, ఏ సమితులు ఉండొచ్చో చెప్పే జెర్మెలో స్వీకృతాలతో (రుజువు అడగకుండా ఒప్పుకునే నియమాలతో) సర్దుకున్నారు. తత్వవేత్తలు మాత్రం ఇప్పటికీ వాడుతున్నారు.

లెష్నియెవ్‌స్కి దగ్గర డాక్టరేట్ చేసింది ఒకే ఒక్క విద్యార్థి. పేరు ఆల్ఫ్రెడ్ టార్‌స్కీ.

'నేను చెప్పేది అబద్ధం' అన్న వాక్యాన్ని టార్‌స్కీ ఎలా పట్టుకున్నాడు?

ఇది పాత గ్రీకు సమస్య. ముందు దీన్ని 'నేను', 'ఇది' లాంటి మాటలు లేకుండా బిగించాలి. టార్‌స్కీ వాడిన రూపం వుకాషేవిచ్ చెప్పినదని టార్‌స్కీయే రాశాడు: ఫలానా పేజీలో ఫలానా వరుసలో అచ్చయిన వాక్యం నిజం కాదు. వెళ్లి ఆ పేజీలో ఆ వరుస చూస్తే ఉన్నది ఇదే వాక్యం.

మనం ఆ వాక్యానికి 'వా' అని పేరు పెడదాం. అంటే వా = 'వా నిజం కాదు'.

ఏ వాక్యానికైనా చెల్లే ఒక మామూలు సూత్రం ఉంది. 'వాన పడుతోంది' అన్న వాక్యం నిజం కావాలంటే వాన పడుతూ ఉండాలి; వాన పడుతూ ఉంటే ఆ వాక్యం నిజం. దీన్నే మన వాక్యానికి వాడితే: 'వా నిజం కాదు' అన్న వాక్యం నిజమయ్యేది వా నిజం కానప్పుడే. కానీ కొటేషన్ మార్కుల్లో ఉన్నది వాయే కదా. ఆ చోట పేరు పెట్టేయండి: వా నిజమయ్యేది వా నిజం కానప్పుడే. మూడు వరుసల్లో వైరుధ్యం.

లోపం ఎక్కడుందో వెతుకుతూ టార్‌స్కీ, మనం వాడిన సరుకుని బయటికి తీసి లెక్కపెట్టాడు. తన వాక్యాలకి తానే పేర్లు పెట్టుకుని, తన వాక్యాల గురించి 'నిజం' అన్న మాట కూడా తనలోనే వాడగలిగే భాష ఒకటి. మామూలు తర్క నియమాలు రెండోది. తర్కాన్ని వదులుకోవడానికి ఆయన సిద్ధంగా లేడు, కాబట్టి పోవాల్సింది మొదటిదే. ఒక భాషలోని వాక్యాలు నిజమా కాదా అని చెప్పాలంటే ఆ భాష చాలదు, దానికన్నా పైనున్న భాష కావాలి. దాని సంగతి చెప్పాలంటే ఇంకో పై భాష. 'వా' తన గురించి తానే తీర్పు చెప్పుకోవాలని చూసింది కాబట్టి ఏ అంతస్తులోనూ దానికి చోటు లేదు.

"'మంచు తెల్లగా ఉంటుంది' అన్నది నిజం, మంచు తెల్లగా ఉంటేనే" – ఇందులో గొప్పేముంది?

ఎక్కువమంది ఇక్కడే నవ్వేసి పుస్తకం మూసేస్తారు. టార్‌స్కీ ఈ వాక్యాన్ని సత్యానికి నిర్వచనంగా ఇవ్వలేదు. నిర్వచనం సరిగా ఉందో లేదో చూసే పరీక్షగా ఇచ్చాడు. మీరిచ్చే నిర్వచనం నుంచి ఆ భాషలోని ప్రతి వాక్యానికీ ఇలాంటి వాక్యం రాలాలి. రాకపోతే అది సత్యానికి నిర్వచనం కాదు. (మంచు తెల్లదనం టార్‌స్కీ 1944లో రాసిన వ్యాసంలోది. 1933 నాటి అసలు పోలిష్ రచనలో ఉదాహరణ మంచు పడటం.)

అసలు నిర్వచనం ఎలా ఉంటుందో ఒక బుల్లి భాషలో చూద్దాం. అందులో రెండు పేర్లు: విస్తులా, గోదావరి. ఒకే క్రియ: వార్సా గుండా పారుతుంది. వీటికి తోడు 'కాదు', 'మరియు'. అంతే. ఇప్పుడు నియమాలు: 'విస్తులా వార్సా గుండా పారుతుంది' నిజమయ్యేది విస్తులా వార్సా గుండా పారితేనే. గోదావరికీ అలాగే. ఒక వాక్యానికి 'కాదు' తగిలిస్తే వచ్చేది నిజమయ్యేది మొదటిది నిజం కానప్పుడే. రెంటిని 'మరియు'తో కలిపితే నిజమయ్యేది రెండూ నిజమైతేనే.

ఈ భాషలో వాక్యాలు అనంతం, ఎందుకంటే 'కాదు', 'మరియు' ఎన్నిసార్లైనా తగిలించొచ్చు. నియమాలు మాత్రం నాలుగే. ఎంత పొడుగు వాక్యమిచ్చినా విప్పుకుంటూ పోతే చివరికి నదులూ వార్సా మిగులుతాయి, 'నిజం' అన్న మాట మాయమవుతుంది. అసలు పని అక్కడ జరిగింది. 'అన్నీ', 'కొన్ని' లాంటి మాటలు వచ్చేసరికి ఇంత తేలిగ్గా కుదరదు. అక్కడ వాక్యంలోని ఖాళీని ఏ వస్తువు పూరిస్తే సరిపోతుంది అన్న దారిలో వెళ్లాడు. ఒక భాషలోని వాక్యాలు ఏ లోకాల్లో నిజమవుతాయో చూసే మోడల్ థియరీ అన్నదంతా ఆ పునాది మీదే లేచింది.

దీనితోపాటే ఇంకో ఫలితం: అంకగణితంలోని సత్యాన్ని అంకగణితపు భాషలోనే నిర్వచించడం కుదరదు. అంకగణితానికి ఏ స్వీకృతాల జాబితా ఇచ్చినా, అందులో వైరుధ్యం లేకపోతే, దానితో తేల్చలేని వాక్యాలు మిగులుతాయన్న గోడెల్ 1931 నాటి ఫలితానికి ఇది దగ్గర చుట్టం.

అంటే ఒక్కో భాషకి ఒక్కో సత్యమా? ఎవరి నిజం వాళ్లదా?

ఈ ప్రశ్న చూస్తే త్వర్దోవ్‌స్కి ఊరుకునేవాడు కాదు. 'సాపేక్ష సత్యాలు' అనేవాటి మీద ఆయన 1900లోనే వ్యాసం రాశాడు. 'వాన పడుతోంది' అన్నది ఇక్కడ నిజం, అక్కడ అబద్ధం అంటారు. నిజానికి ఇక్కడ అన్న వాక్యం వేరు, అక్కడ అన్న వాక్యం వేరు. ఊరు, తేదీ, వేళ కలిపి పూర్తిగా చెబితే అది ఎక్కడైనా, ఎప్పుడైనా నిజమే అన్నది ఆయన వాదం.

టార్‌స్కీ చెప్పింది కూడా దీనికి వ్యతిరేకం కాదు. ఒకే అక్షరాల వరుస రెండు భాషల్లో రెండు అర్థాలు ఇవ్వొచ్చు కాబట్టి 'ఏ భాషలో' అని అడగక తప్పదు. అర్థం ఏమిటో తేలాక, అది నిజమా కాదా అన్నది లోకం చేతిలో ఉంటుంది. మాట్లాడేవాడి ఇష్టాయిష్టాల చేతిలో ఉండదు. టార్‌స్కీ పేరు చెప్పి 'అంతా సాపేక్షమే' అనేవాళ్లు ఆయన్ని చదవలేదనే అనుకోవాలి.

తెలుగుకి టార్‌స్కీ నిర్వచనం రాయొచ్చా?

మొత్తం తెలుగుకి కుదరదు. పోలిష్‌కైనా, ఏ మాట్లాడే భాషకైనా అంతే. మాట్లాడే భాషలో దేని గురించైనా చెప్పొచ్చు, ఆ భాష గురించి కూడా. ఆ శక్తే పారడాక్స్‌కి తలుపు తీస్తుంది. వ్యాకరణం గట్టిగా నిర్ణయమైన, 'నిజం' అన్న మాట లేని ఒక ముక్క కోసుకుంటే దానికి రాయొచ్చు. ఈ విషయంలో టార్‌స్కీ మరీ నిరాశగా ఉన్నాడని తర్వాతివాళ్లు కొందరు అనుకున్నారు. అమెరికన్ తర్కవేత్త సాల్ క్రిప్కీ 1975లో వేరే దారి చూపించాడు.

నిజం, అబద్ధం కాక మూడోది ఎలా ఉంటుంది?

వుకాషేవిచ్ (1878–1956) అడిగిన ప్రశ్న ఇలాంటిది: వచ్చే ఏడాది డిసెంబర్ 21 మధ్యాహ్నం నేను వార్సాలో ఉంటాను. ఈ వాక్యం ఈరోజు నిజమా? నిజమైతే అప్పుడు నేను అక్కడ ఉండి తీరాలి, నా ఇష్టంతో పనిలేదు. అబద్ధమైతే ఎంత తంటాలు పడినా వెళ్లలేను. రెండూ ఒప్పుకోబుద్ధి కాదు. రేపటి ఓడల యుద్ధం పేరుతో అరిస్టాటిల్ లేవదీసిన చిక్కే ఇది. వుకాషేవిచ్ జవాబు: ఇంకా తేలనిదానికి 1 గానీ 0 గానీ ఇవ్వకండి, ½ ఇవ్వండి. ఈ ఆలోచన 1918 నాటి ఉపన్యాసంలో చెప్పాడు, 1920లో అచ్చు వేశాడు.

పాత సిలబస్‌లో పదో తరగతి లెక్కల్లో 'ప్రవచనాలు, సమితులు' చదివినవాళ్లకి సత్యపు పట్టికలు గుర్తుండాలి. అదే పట్టిక, ఒక విలువ ఎక్కువ. ½కి వ్యతిరేకం ½. 'మరియు'కి రెండిట్లో చిన్నది, 'లేదా'కి పెద్దది. దీంతో 'వార్సాలో ఉంటాను, లేదా ఉండను' అన్నదానికి కూడా ½ వస్తుంది. అక్కడే నాకు మింగుడుపడదు. ఉంటానో ఉండనో తేలకపోయినా, ఆ రెండిట్లో ఏదో ఒకటి జరిగి తీరుతుంది కదా! 'ఉంటాను, ఉండను కూడా' అన్నదానికీ ½ రావడం ఇంకా ఇబ్బంది. అయినా ఒక సంగతి మాత్రం తేలిపోయింది: రెండు విలువల తర్కం ఆకాశం నుంచి ఊడిపడలేదు, వేరేవి కూడా పద్ధతిగా కట్టొచ్చు. ఆయన తర్వాత అనంతమైన విలువలదాకా వెళ్లాడు. 1965లో జాదే మొదలుపెట్టిన ఫజీ సెట్ల (కొంతవరకే సభ్యత్వం ఉండే సమితుల) పనిని తర్కంగా మలిచినవాళ్లకి అది బాగా అక్కరకొచ్చింది.

ఆ ½తో అబద్ధాల వాక్యం కూడా తీరిపోదా?

'ఈ వాక్యం అబద్ధం' అన్నదానికైతే ½ ఇచ్చి ఊపిరి పీల్చుకోవచ్చు. 'ఈ వాక్యం నిజం కాదు' అని మార్చి చూడండి. ½ అంటే నిజం కాదనే కదా? వాక్యం చెబుతున్నదీ అదే. అయితే అది నిజమే! మళ్లీ మొదటికొచ్చాం.

యాష్కోవ్‌స్కి వైరుధ్యాన్ని ఉండనిచ్చాడంటున్నారు, ఎలా?

స్తానిస్వావ్ యాష్కోవ్‌స్కి (1906–1965) వుకాషేవిచ్ శిష్యుడు. ఒక సభలో పదిమంది మాట్లాడుతున్నారు. ఒకాయన 'ఆనకట్ట కావాలి' అంటాడు, ఇంకొకాయన 'వద్దు' అంటాడు. సభ మినిట్స్‌లో రెండూ ఉంటాయి. అంతమాత్రాన చార్మినార్ గుంటూరుకి పోదు. ఎందుకంటే 'కావాలి, వద్దు' అని రెండూ కలిపి ఒకే మనిషి అనలేదు. మాటలు విడివిడిగా చేర్చుకుంటూ, వాటిని కలిపే హక్కుని మాత్రం అదుపులో పెట్టే తర్కాన్ని 1948లో ప్రచురించాడు. పరస్పర విరుద్ధమైన సమాచారం ఉన్న డేటాబేసుల గురించి ఆలోచించేవాళ్లు ఇప్పుడు దీన్ని వెతుక్కుంటూ వెళ్తున్నారు.

పోలిష్ నొటేషన్ వీళ్లదేనా?

వీళ్లదే. బ్రాకెట్లు లేకుండా రాసే పద్ధతి తనకి 1924లో తట్టిందని వుకాషేవిచ్ రాశాడు. గుర్తుని ముందు రాయాలి: (3 + 4) × 5 కాస్తా × + 3 4 5 అవుతుంది. 3 + (4 × 5) అయితే + 3 × 4 5. తర్క సూత్రాల కోసం కనిపెట్టినదిది. తిరగేసి 3 4 + 5 × అని రాస్తే స్టాక్ (చివర పెట్టినదాన్ని ముందు తీసే దొంతర) ఉన్న యంత్రానికి మరీ సులువు. 1972లో వచ్చిన హెచ్‌పీ-35 క్యాలిక్యులేటర్ అలాగే పనిచేసింది.

బానాక్–టార్‌స్కీ పారడాక్స్ కూడా వీళ్లదేనా? ఎనిగ్మా?

మొదటిది సగం వీళ్లదే. 1924లో ల్వూవ్ గణితజ్ఞుడు స్తెఫాన్ బానాక్‌తో కలిసి టార్‌స్కీ రాశాడు: ఒక బంతిని పరిమిత సంఖ్యలో ముక్కలు చేసి, వాటినే తిప్పి అమర్చితే అంతే సైజు బంతులు రెండు వస్తాయి. ఇందులో వైరుధ్యం లేదు, ఎన్ని సమితులున్నా ఒక్కోదాన్నుంచి ఒక్కో సభ్యుణ్ని ఎంచుకోవచ్చన్న ఎంపిక స్వీకృతాన్ని ఒప్పుకుంటే వచ్చే సిద్ధాంతం. ఆ ముక్కలకి ఘనపరిమాణం అంటూ ఉండదు కాబట్టి బంగారం కొట్టువాళ్లు ఆశపడక్కర్లేదు.

జర్మన్ సైన్యం వాడిన రహస్య లిపి యంత్రం ఎనిగ్మా కోడ్ ఛేదించిన రెయెవ్‌స్కి, రుజిత్స్‌కి, జిగాల్‌స్కి పోజ్నాన్‌లో చదివిన గణితజ్ఞులు. ఈ స్కూల్‌వాళ్లు కాదు.

భారతీయ తర్కంతో వీళ్లకి సంబంధం ఉందా?

ఉంది, స్తానిస్వావ్ షాయెర్ (1899–1941) ద్వారా. ఆయన వార్సా యూనివర్సిటీలో సంస్కృత పండితుడు. నాగార్జునుడి మీద చంద్రకీర్తి రాసిన ప్రసన్నపద వ్యాఖ్యలోంచి కొన్ని అధ్యాయాలు జర్మన్‌లోకి తెచ్చాడు. పాత భారతీయ వాదాలని యూరోపియన్లు అరిస్టాటిల్ అచ్చులో పోసి చూస్తున్నారనీ, వుకాషేవిచ్ వాక్య తర్కం పెట్టి చూస్తే వేరే సంగతులు కనబడతాయనీ 1930ల్లో వాదించాడు. ఉంది, లేదు, ఉండీ లేదు, ఉండనూ లేదు లేకపోనూ లేదు అన్న నాగార్జునుడి నాలుగు కోణాల్ని కొత్త తర్కాలతో చదివేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఆ పనికి తొలి అడుగులు వేసినవాళ్లలో షాయెర్ ఒకడు. దీన్ని పట్టుకుని 'నాగార్జునకొండలో ఇదంతా ఎప్పుడో చెప్పేశారు' అనడం మాత్రం ఇద్దరికీ అన్యాయం. నాగార్జునుడి గమ్యం వేరు, సత్యవిలువల పట్టిక గీయడం ఆయన పని కాదు.

1939 తర్వాత ఏమైంది?

టార్‌స్కీ (1901–1983) ఆ ఆగస్టులో హార్వర్డ్‌లో సభకని ఓడెక్కాడు. ఆయన అమెరికాలో ఉండగా సెప్టెంబర్ 1న యుద్ధం మొదలైంది. భార్యా పిల్లలు 1946లో గానీ ఆయన్ని చేరుకోలేకపోయారు. తల్లిదండ్రులూ తమ్ముడూ యుద్ధంలో పోయారు. పుట్టినప్పటి ఇంటిపేరు తైతెల్‌బౌమ్, యూదు కుటుంబం. అంతటివాడికి పోలాండ్‌లో ప్రొఫెసర్ కుర్చీ దొరకలేదు, ఏళ్ల తరబడి హైస్కూల్లో లెక్కలు చెప్పాడు. యూదులంటే పడకపోవడం ఆ స్కూల్ లోపల కూడా ఉండేది, లెష్నియెవ్‌స్కి ఉత్తరాల్లో కనిపిస్తుంది. తేటగా ఆలోచించేవాళ్లు కదా అని మనం దీన్ని దాటేయకూడదు.

యూనివర్సిటీలని జర్మన్లు మూసేశారు. ఇళ్లలో రహస్యంగా క్లాసులు నడిచాయి. వార్సా తర్కవేత్త అడాల్ఫ్ లిండెన్‌బౌమ్‌ని 1941లో చంపారు. ఆయన భార్య యానీనా హొసియాసన్ సంభావ్యత మీద, సాక్ష్యం ఒక సిద్ధాంతాన్ని ఎంతవరకు బలపరుస్తుందన్నదాని మీద పనిచేసిన మనిషి. 'కాకులన్నీ నల్లనివే అన్నదానికి తెల్ల చెప్పు కూడా సాక్ష్యమా' అన్న పారడాక్స్ మీద తొలినాళ్లలో అచ్చయిన చర్చల్లో ఆమెది ఒకటి, 1940లో వచ్చింది. 1942లో ఆమెను కూడా విల్నియస్‌లో చంపేశారు. కూడిక మాత్రమే ఉన్న అంకగణితంలో ప్రతి ప్రశ్ననీ యాంత్రికంగా తేల్చొచ్చని 1929లో చూపించిన ప్రెస్‌బర్గర్ కూడా హోలోకాస్ట్‌లో పోయాడు. ఆ ఫలితాన్ని సాఫ్ట్‌వేర్ తనిఖీ చేసే ప్రోగ్రాములు ఇవాళ కూడా వాడుతున్నాయి. సలమూఖాని జర్మన్ల మీద జరిగిన 1944 వార్సా తిరుగుబాటులో కాల్చేశారు. లెష్నియెవ్‌స్కి వదిలివెళ్లిన రాతప్రతులు ఆ మంటల్లోనే కాలిపోయాయి. వుకాషేవిచ్ తిరుగుబాటుకి కాస్త ముందు వార్సా వదిలి, 1946లో డబ్లిన్ చేరి, చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు.

చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

1933 నాటి పెద్ద రచనతో మాత్రం వద్దు, గుర్తుల అడవిలో తప్పిపోతారు. టార్‌స్కీ 1944లో ఇంగ్లీషులో రాసిన వ్యాసం తీసుకోండి. మొదటి సగంలో సూత్రాలు దాదాపు ఉండవు. రెండో సగంలో తన మీద వచ్చిన ఆక్షేపణలకి ఒక్కొక్కటిగా జవాబు చెబుతాడు; మొదటిసారి చదివేటప్పుడు దాన్ని వదిలేసినా పరవాలేదు. అక్కడినుంచి వుకాషేవిచ్ నిర్ణయవాదం మీద చేసిన ప్రసంగానికి వెళ్లండి. అది మూడు విలువల తర్కం కన్నా మనిషి స్వేచ్ఛ గురించే ఎక్కువ మాట్లాడుతుంది.